మా అమ్మ నోరు, ఎస్తేరు టీచరు కత్తి

సముద్రంలో చేపల వేట నిషేధం వచ్చిందంటే బందరు పక్కన మా గిలకలదిండి రేవులో పడవలు ఒడ్డెక్కుతాయి, వాటికి రంగులు వెయ్యడం మొదలవుతుంది. ఈ ఉదయం కిటికీ తెరవగానే ఆ వాసన గదినిండా వచ్చింది. టర్పెంటైను, పచ్చి రంగు, ఎండకి కాగిన చెక్క. "తల పగిలిపోతోంది, మూసెయ్యవే ఆ కిటికీ" అని మా అమ్మ వంటింట్లోంచి కేకేసింది. నేను మూయలేదు. ఆ వాసన తగిలితే ఎస్తేరు టీచరు గారు పక్కన నిలబడి "ఏమ్మా మణీ, చూసింది చాలు, ఇక చెయ్యి పెట్టు" అంటున్నట్టే ఉంటుంది నాకు. ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది. మీరెవరూ ఆవిడని చూసి ఉండరు. ఆవిడ బొమ్మలు కూడా చూసి ఉండరు. ఆ రెండో సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ డ్రాయింగు టీచరు. నాగాయలంక వైపు బళ్ళలో చాలాకాలం పనిచేసి, రిటైరయ్యాక బందరులో ఒక చర్చి వెనక సందులో రెండు గదుల ఇంట్లో ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. "చూసుకోవడానికి వచ్చినవాడు బొమ్మలు మానెయ్యమన్నాడమ్మా. నేను వాణ్ణే మానేశాను" అని పకపకా నవ్వేవారు. నేనప్పటికి డిగ్రీ పూర్తిచేసి, బస్టాండు దగ్గర ఫ్లెక్సీ షాపులో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. పుట్టినరోజులు, నాయకుల స్వాగతాలు, శ్రద్ధాంజలులు. ఎవరి ఫొటో వచ్చినా ముందు ముఖం తెల్లగా చెయ్యాలన్నది మా ఓనరు గారి శాసనం. చచ్చిపోయినవాళ్ళకి కూడా మినహాయింపు లేదు. ఒకసారి చర్చివాళ్ళు పెద్దవాళ్ళకి సన్మానం పెట్టుకుంటే ఫ్లెక్సీ నేనే చేశాను. మర్నాడు పొట్టిగా, నల్లగా, కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ ఆ ఫ్లెక్సీ చుట్ట చంకలో పెట్టుకుని షాపులోకి వచ్చారు.

"ఇది చేసిందెవరు?"

"నేనేనండీ."

"నాకు సున్నమెందుకు కొట్టావమ్మా? నేనేమన్నా గోడనా?"

షాపులో అందరూ నవ్వారు. నాకు ఉక్రోషం వచ్చింది. "అందరికీ ఇలాగే చేస్తామండీ. తెల్లగా లేకపోతే వెనక్కి తెచ్చేస్తారు" అన్నాను. "నేను తెల్లగా ఉందని తెచ్చానుగా, దిద్దు" అని స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నారు. ఇక చూడండి నా పాట్లు! నుదుటి మీద గోధుమరంగు, చెంప కింద ఊదా, ముక్కు పక్కన కాస్త పచ్చ అంటూ వేలితో చూపిస్తుంటే నేను మౌసు తిప్పుతూనే ఉన్నాను. ఓనరు గారు పళ్ళు నూరుతున్నారు. చివరికి తెర మీద ఆవిడే వచ్చారు, అచ్చంగా ఆవిడే. నా ఒంటి రంగుని అద్దంలో చూసుకుని విసుక్కుంటూ పెరిగినదాన్ని నేను. అందులో ఇన్ని రంగులున్నాయని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ, "పొద్దున్నే ఏం చేస్తుంటావు? మా ఇంటికి రా, నిజం రంగులతో చేద్దువుగాని" అన్నారు.

అలా మొదలైంది. షాపు తెరిచేలోపు ఆవిడ దగ్గర కూర్చుని బొమ్మలు వెయ్యడం నేర్చుకునేదాన్ని. ముందు గదిలో సామానంటూ ఏమీ లేదు. గోడ పొడుగునా కాన్వాసులు, అన్నీ ముఖం గోడకి తిప్పి, అలిగిన పిల్లల్లా. ఒక్కటీ పూర్తయినది కాదు. తెల్లవారగానే ప్రార్థన చేసుకుని, టీ గ్లాసు పట్టుకుని, ఏదో ఒకదాన్ని ఇటు తిప్పేవారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా బ్రష్షు ముట్టుకునేవారు కాదు. ఊరికే చూసేవారు. తర్వాత బొమ్మని తలకిందులు చేసి చూసేవారు. ఆ తర్వాత బీరువా అద్దంలో చూసేవారు. "మన తప్పు మన కంటికి అలవాటైపోతుందమ్మా. అద్దానికి మొహమాటం లేదు" అనేవారు. అన్నీ అయ్యాక నన్నడిగేవారు, "నీకెక్కడ బాగుంది?" అని. నేను సంబరంగా చూపించేదాన్ని, ఆ చెయ్యి బాగుందండీ, ఆ నీళ్ళ మీద వెలుగు బాగుందండీ అని. అంతే! వంగని పల్చటి కత్తి ఒకటి ఉండేది, దాంతో సరిగ్గా అక్కడే గీకేసేవారు. పాత చీర ముక్కని టర్పెంటైనులో ముంచి మిగిలింది తుడిచేసేవారు.

మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. "బాగున్నదాన్ని ఎందుకండీ చెరిపేశారు?" అని అడిగాను.

"బాగున్నదాన్ని కాపాడుకుంటూ కూర్చుంటే మిగతా బొమ్మంతా దానికి చాకిరీ చేస్తుందే పిచ్చిదానా. నిజంగా బాగుంటే మళ్ళీ వస్తుంది. రాకపోతే అది అదృష్టంకొద్దీ పడింది. అదృష్టాన్ని నమ్ముకుని బొమ్మలేస్తామా?"

మళ్ళీ వేసేవారు, మళ్ళీ గీకేవారు. వానాకాలంలో సముద్రపు గాలికి నూనెరంగు ఎంతకీ ఆరేది కాదు. అప్పుడు ఆవిడకి పండగే, గీకడం సులువని. అన్నం వేళకి ఆపేసి బొమ్మని గోడకి తిప్పేసేవారు. మళ్ళీ మర్నాడు పొద్దున్నదాకా దానివైపు చూడటానికి వీల్లేదు. సందులోవాళ్ళు ఆవిడకి చాదస్తమనేవారు. చెల్లెలి కొడుకు వచ్చినప్పుడల్లా "ఒక్కటైనా ముగించు పెద్దమ్మా" అని పోరేవాడు. ఆవిడ వింటేగా!

ఇచ్చేసిన బొమ్మకి కూడా ఆవిడ చేతిలోంచి విముక్తి లేదు. గుడివాడలో ఒక డాక్టరు గారు, ఒకప్పటి ఆవిడ శిష్యుడు, గృహప్రవేశానికి పిలిస్తే ఇద్దరం వెళ్ళాం. హాల్లో సోఫా పైన గోడకి ఆవిడ ఎప్పుడో ఇచ్చిన వరిచేల బొమ్మ తగిలించి ఉంది. భోజనాలవుతున్నాయి. చూస్తూ చూస్తూ ఉండగానే టీచరు గారు చెప్పులు విడిచి, కొత్త సోఫా ఎక్కి, హ్యాండుబ్యాగులోంచి రంగు ట్యూబు తీశారు. డాక్టరు గారి భార్య పరిగెత్తుకొచ్చింది. "అయ్యయ్యో, టీచరు గారూ, మాకిచ్చేసిన బొమ్మ కదండీ!"

"బొమ్మ ఇచ్చానమ్మా, తప్పు ఇవ్వలేదు. ఆ గట్టు వంకరగా ఉంది. ఒక్క నిమిషం."

ఆ నిమిషం అరగంటయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ గొడవంతా చూసి ముచ్చటపడిన పెద్దమనిషి ఒకాయన అక్కడే ఉన్నారు. ఆయన్ని ప్రసాదు గారనుకుందాం. గుడివాడలో పెద్ద కల్యాణ మండపం కడుతున్నారు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా పెద్ద బొమ్మ ఉండాలని, అది మన ప్రాంతపు బొమ్మే కావాలని పట్టుదల. పై వారమే బందరు వచ్చి, గోడకి తిప్పినవన్నీ ఇటు తిప్పించి, అన్నిట్లోకీ పెద్దదాన్ని ఎంచుకున్నారు. అది మా రేవులో చేపల వేలంపాట. తడి నేల, ఐసు పెట్టెలు, కుప్పల చుట్టూ ఆడవాళ్ళు. అందరికంటే ముందు, పాటలో చేపలు కొని ఊళ్ళో అమ్మే మా అమ్మ కాంతమ్మ. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చెయ్యి చాచి, నోరు బార్లా తెరిచి పాటగాడి మీద అరుస్తోంది. పాటలో గొంతు పెగలని ఆడదానికి కుళ్ళిన చేప కూడా దక్కదు. ఆ నోటితోనే మా అమ్మ నన్ను చదివించింది.

ప్రసాదు గారు మంచి మర్యాదస్థులు. "అద్భుతమండీ" అన్నారు. "చిన్న మార్పు. పెళ్ళిళ్ళు జరిగే చోటు కదా. ఆ ముందున్నావిడ నోరు కాస్త మూయించండి. చిన్నగా నవ్వుతున్నట్టు పెట్టండి. మీరెలాగూ రోజూ దిద్దుతూనే ఉంటారటగా."

టీచరు గారు "చూస్తానండీ" అన్నారు. అంతే అన్నారు! ఆ రోజంతా నాకు షాపులో చెయ్యి ఆడలేదు. ఆవిడకి ఆ మండపం గోడ ఎంత కావాలో నాకు తెలుసు. జన్మంతా వేసిన బొమ్మల్లో నలుగురూ నడిచే చోట ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒక కంట్లో అప్పటికే పొర కమ్మింది. "ఒక్కదాన్నయినా దారినపోయేవాళ్ళు చూస్తే బాగుండునే" అని ఒకసారి ఆవిడ నోటివెంట విన్నాను. మర్నాడు నేను వెళ్ళేసరికి ఆవిడ కత్తి మా అమ్మ నోటి మీదే ఉంది. సగం గీకేశారు. పెదవులు లేవు, పళ్ళు లేవు, మట్టిరంగు మరక ఒకటి ఉంది.

నాకు పట్టలేని కోపం వచ్చింది. "ఆయన మూయమంటే మూసేస్తారా అండీ? అది మా అమ్మండీ! మీ గోడ కోసం మా అమ్మ నోరు కావలసొచ్చిందా?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. "అరుపు నీకూ వచ్చిందే, మీ అమ్మ పోలికే" అన్నారు. "ఇలా రా. ఈ పళ్ళు చూశావా, ముత్యాల్లా పేర్చాను. నిన్నటిదాకా నాక్కూడా బాగానే ఉన్నాయి. ఆయన నోరనేసరికి అద్దంలో చూశాను. అరిచే మనిషికి ఇంత అందంగా ఉంటాయా? అబద్ధం వేశాను. అందుకే ఆయన దాన్ని మూయించగలననుకున్నాడు."

ఆ వారం నేను షాపుకి సరిగ్గా వెళ్ళనేలేదు. ఆవిడ ఆ నోటిని వేశారు, గీకారు, వేశారు. మెడనరాలు తేలాయి. దవడ పక్కకి లాగింది. లోపల నాలుక, దాని వెనక చీకటి. తర్వాత వెనకనున్న ఆడవాళ్ళ మీద పడ్డారు. వాళ్ళందరూ అప్పటిదాకా ఊరికే నిలబడి ఉండేవాళ్ళు. ఒక్కొక్కళ్ళకీ నోరు తెరిచారు. చివరికి రేవు రేవంతా అరుస్తోంది. ఆ గదిలో నిలబడితే చెవులు మూసుకోవాలనిపించేది, నా మీద ఒట్టు.

ప్రసాదు గారు వచ్చి చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. "నేను చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటండీ?"

"నోరు దిద్దమన్నారు, దిద్దాను. కాఫీ తాగుతారా?"

ఆయన తాగలేదు. కారు సందు దాటేదాకా ఆవిడ కిటికీ దగ్గరే నిలబడ్డారు. "పోయిందే మణీ" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ధీరురాలు కాబట్టి బాధ లేదని నేను మీకు అబద్ధం చెప్పను. చాలా బాధపడ్డారు. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ బొమ్మని గోడకి తిప్పకుండా అలాగే ఉంచి, పక్కదాన్ని తీసుకున్నారు.

ఆవిడ పోయాక చెల్లెలి కొడుకు ఆ బొమ్మ నాకిచ్చేశాడు. మంచాలకి చోటులేని మా ఇంట్లో అది ఒక గోడంతా ఆక్రమించింది. మా అమ్మకి ఆ బొమ్మ నచ్చదు. "ఛీ, ఏం నోరే అది! కమ్మలన్నా పెట్టలేదు మహాతల్లి" అని రోజూ దాన్ని తిడుతూనే ఉంటుంది. పోయిన నెల ప్రసాదు గారు మళ్ళీ వచ్చారు. మా అరుగు మీదే కూర్చున్నారు.

"ఆవిడ ఇప్పుడు లేరు కదమ్మా. ఆవిడ చెయ్యి నీకొచ్చంటారు అందరూ. ఆ నోళ్ళు కాస్త సర్దితే మండపంలో పెడతాను. కింద ఆవిడ పేరు బంగారు అక్షరాలతో రాయిస్తాను. ఆవిడ ఆశ తీరినట్టూ ఉంటుంది. ఇక్కడ చీకట్లో ఎవరు చూస్తారు?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆవిడ పేరు, నలుగురూ నడిచే చోటు. నేను చెయ్యగలను కూడా. రెండు పొద్దుల పని.

"సర్దితే పేరు ఆవిడది, నోరు మీది అవుతుందండీ. కుదరదు" అన్నాను.

"పోనీలే, ఇంట్లోనే పెట్టుకుని పూజచేసుకో" అని లేచారు.

ఆ మాట అనకుండా ఉండవలసింది. మర్నాడు నేనూ, మా తమ్ముడూ ఆ బొమ్మని బయటికి మోసుకొచ్చి అరుగు గోడకి మేకులు కొట్టి తగిలించాం. రేవుకి వెళ్ళే దారి అది. నిషేధం వచ్చేదాకా పాటకి వెళ్ళే ఆడవాళ్ళు, ఐసు బళ్ళవాళ్ళు, ఇప్పుడు వలలు బాగుచేసేవాళ్ళు, పడవలకి రంగులేసేవాళ్ళు, అందరూ దాని ముందునుంచే. కొందరు ఆగుతున్నారు. కొందరు "ఇదిగో నువ్వే, కాదు నువ్వే" అని దెబ్బలాడుకుంటున్నారు. ఉప్పుగాలికి రంగు లేచిపోతుందని, వాన జల్లు పడుతుందని, ఏడాదికి బొమ్మ మిగలదని నాకు ప్రతివాళ్ళూ చెబుతున్నారు. మా అమ్మ అయితే నాకు మతిపోయిందని తేల్చేసింది.

లేచిపోనీయండి. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడతాను. గాలి ఎక్కడ తినేసిందో చూసుకుని, అక్కడ మళ్ళీ వేస్తాను. మర్నాడు మళ్ళీ తినేస్తే మళ్ళీ వేస్తాను. నాకు ఆవిడ నేర్పిన పని అదొక్కటే.