మా బిడ్డకు నిశ్శబ్దం పడలేదు

ప్రసూతి సెలవు ఇంకో వారంలో అయిపోతుందనగా మా ఇంట్లో రోజూ ఒకటే పంచాయతీ: బిడ్డను ఎవరు చూసుకోవాలి? సూరత్‌లోని భేస్తాన్‌లో మేముండే ఇల్లు ఒక కార్ఖానా గోడకు ఆనుకునే ఉంటుంది. మా ఆయన అందులోనే సాంచాలు నడుపుతాడు. సాంచాలంటే మరమగ్గాలు. పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. మా అమ్మ మాతోనే ఉంటుంది కానీ ముందు గదిలో మెస్ నడుపుతుంది. ఊళ్ల నుంచి ఒంటరిగా వచ్చిన పనివాళ్లకు రెండు పూటలా వండి పెడుతుంది. ఆ పొయ్యిల మధ్య, మరిగే పప్పు గంజుల మధ్య, అప్పుడప్పుడే పాకడం మొదలుపెట్టిన పిల్లను వదిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మిగిలింది ఘోడియాఘర్. పనికి పోయే తల్లుల పిల్లలను చూసుకునే చోటును ఇక్కడ అలా అంటారు, ఉయ్యాలల ఇల్లు అని. ఉధనా వైపు ఒక మంచిది దొరికింది. ఏసీ, మెత్తటి పరుపులు, తెల్లటి గోడలు, అన్నీ ఉన్నాయి. ఫీజు వింటే మాత్రం నా జీతంలో దాదాపు సగం. మా అమ్మ ఉల్లిగడ్డ కోస్తూ కోస్తూ కత్తి పక్కన పెట్టేసింది.

"సగం జీతం ఆళ్లకే పోసినంక ఇగ కొలువెందుకు బిడ్డా?" అంది.

ఆ ప్రశ్నకు లెక్కలతో జవాబు లేదు. రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఒక చీరల కంపెనీలో కంప్యూటర్ మీద అంచులు, కొంగులు గీయడం నా పని. నేను గీసిన అంచు ఎవరైనా కట్టుకుని రోడ్డు మీద పోతుంటే కాసేపు వాళ్ల వెనకాలే నడిచే పిచ్చి నాకుంది. ఒకసారి అలా వెంటపడి ఎక్కాల్సిన బస్సు వదులుకున్నాను. సెలవులో ఉన్నన్నాళ్లూ బిడ్డ మీద ప్రాణం పెట్టుకునే ఉన్నాను, కానీ ఆ పని కోసం చేతులు పీకేవి. ఈ రెండూ ఒక్క మనిషిలోనే ఉంటాయని మా అమ్మకు ఎలా చెప్పాలో తెలియలేదు. మా ఆయన ఒక్కడే తేలిగ్గా తేల్చేశాడు. ఫీజు పోను మిగిలింది ఎంతైనా సరే, కొలువు మాత్రం చేతిలో ఉంటుంది కదా అన్నాడు. అటు మా కంపెనీ యజమాని సేఠ్ కూడా పెళ్లిళ్ల ఆర్డర్లు నెత్తి మీదున్నాయని, సోమవారం నేను రాకపోతే ఇంకొకరిని పెట్టుకోక తప్పదని నవ్వుతూనే చెప్పాడు. నవ్వుతూ చెప్పిన సేఠ్ మాటను నవ్వులాటగా తీసుకోకూడదని సూరత్‌లో పుట్టి పెరిగిన నాకు తెలుసు.

సరే, చివరి వారం బిడ్డను అలవాటు చేద్దామని ఘోడియాఘర్‌కు తీసుకుపోయాను. పొద్దంతా బ్రహ్మాండంగా ఆడింది. అరటిపండు గుజ్జు తింది, పక్క పిల్లాడి జుట్టు పీకింది. మధ్యాహ్నం పరదాలు దించారు, లైట్లు తీశారు, ఆయాలు చెప్పులు విప్పి మునివేళ్ల మీద నడవసాగారు. హాలంతా చప్పుడు లేకుండా అయ్యేసరికి మా పిల్ల కళ్లు పెద్దవి చేసి, దిక్కులు చూసి, కప్పు ఎగిరిపోయేలా ఏడుపు ఎత్తుకుంది. పడుకున్న పిల్లలందరూ లేచారు. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే.

మా అమ్మ దిష్టి అంది, ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. మెస్‌కు వచ్చిన వాళ్లందరూ దగ్గి దగ్గి బువ్వ తిన్నారు. డాక్టరు పిల్ల నిక్షేపంగా ఉందన్నాడు. మా ఆయనేమో, పక్కన అంతమంది పిల్లలుంటే చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుందేమో, అందరికీ దూరంగా చివరి గదిలో పడుకోబెట్టండని అక్కడి బెన్‌ను బతిమాలాడు. ఘోడియాఘర్ నడిపే ఆ గుజరాతీ ఆవిడను అందరం బెన్ అనే పిలుస్తాం, ఇక్కడ ఏ ఆడమనిషినైనా అలాగే అంటారు, అక్కా అని. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆ చివరి గదిలో మా పిల్ల ఊపిరి బిగబట్టి మరీ ఏడ్చింది. బెన్ నా చేతులు పట్టుకుని, సోమవారానికి కూడా పిల్ల నిద్రపోకపోతే ఉంచుకోలేనని, మిగతా తల్లులు గొడవ చేస్తున్నారని మర్యాదగానే చెప్పింది. నేను ఆటోలో ఇంటిదాకా ఏడ్చుకుంటూ వచ్చాను.

మర్నాడు శుక్రవారం, మా కార్ఖానాకు వారపు సెలవు. సాంచాలన్నీ బంద్. ఆ రోజు ఇంట్లోనే ఉన్న మా పిల్ల, తన సొంత ఉయ్యాలలో, పొద్దుటి నుంచీ కన్ను మూయలేదు. భుజాన వేసుకుని ఊపీ ఊపీ నా నడుం పడిపోయింది. సాయంత్రం ఎవరో రిపేరు చూసుకోవడానికి కాబోలు గోడ అవతల రెండు సాంచాలు ఆన్ చేశారు. ఖటఖటఖట మొదలవగానే పిల్ల తల నా భుజం మీద వాలిపోయింది. ఉయ్యాలలో వేసినా కదల్లేదు. నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"గీ చప్పుడు లేకనా ఏంది?" అన్నాడు.

కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆ చప్పుడులోనే పడుకున్న పిల్ల. మాకేమో అది ఎప్పుడో చెవికి ఆనడం మానేసింది. అందుకే ప్రపంచంలో అందరికీ తట్టేది మా ఇద్దరికీ తట్టలేదు. మేం డబ్బు పోసి కొన్న ఆ నిశ్శబ్దమే దాన్ని భయపెట్టింది. పడీ పడీ నవ్వాం. పిల్ల మాత్రం లేవలేదు.

శనివారం మా ఆయన తన పాత ఫోన్‌లో సాంచాల చప్పుడు రికార్డు చేసి పట్టుకొచ్చాడు. బెన్ అనుమానంగానే చివరి గదిలో పెట్టనిచ్చింది. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి, నేను తలుపు దగ్గర దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాను. ఇంతలో ఫోన్‌లోంచి కార్ఖానా మాస్టర్ గొంతు, నూలు బాబిన్ తేలేదని ఎవర్నో హిందీలో తిట్టిన తిట్టు, గదంతా మోగింది. పిల్ల లేచి కూర్చుంది. బెన్ ముఖం ఎర్రబడింది. పిల్లలకు మొదటి మాటలు ఇవే నేర్పాలా అని ఆవిడ అడిగితే నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. సోమవారం ఒక్క అవకాశం, అంతే అంది.

ఆదివారం మా ఆయన కార్ఖానాలో అందరి దగ్గరికీ పోయి, మళ్లీ రికార్డు చేస్తున్నా, కాసేపు ఎవరూ నోరు విప్పొద్దని చేతులు జోడించాడట. కార్ఖానాలో మామూలుగా మాట్లాడితే వినపడదు, అక్కడ అందరిదీ అరుపే. అలాంటి చోట, రికార్డింగ్ అయ్యేంతసేపూ, తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, బిహారీలు, అందరూ నోరు మూసుకుని పని చేశారు. పోగు తెగినా సైగలే. ఆ తిట్టిన మాస్టర్ నోట్లో తువ్వాల కుక్కుకుని నిలబడ్డాడట. మా ఆయన ఇది చెబుతుంటే నవ్వొచ్చింది. నా బిడ్డ పేరు కూడా తెలియని వాళ్లు వాళ్లలో సగంమంది.

సోమవారం పిల్లతో పాటు ఆ ఫోన్‌నూ బెన్‌కు అప్పగించి ఆఫీసుకు పోయాను. సీట్లో కూర్చున్నానే కానీ గీత ఒక్కటీ సరిగ్గా పడలేదు. భోజనాల వేళ దాటాక బెన్ ఫోన్ చేసింది. చాలా మెల్లగా, "సో గయీ" అని పెట్టేసింది. వెంటనే మా ఆయనకు చేశాను. అవతల సాంచాల హోరు.

"వినవడ్తలేదు, జర జోర్‌గ చెప్పు" అని అరిచాడు.

"పండుకున్నది" అన్నాను. వినపడలేదన్నాడు. లేచి నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను, "పండుకున్నదీ" అని. అవతల మా ఆయన ఆ మాటే ఇంకా గట్టిగా అరవడం, దాని వెనకే రకరకాల భాషల్లో కేకలు, ఎవరో ఇనుప స్టూలు మీద దరువేయడం వినిపించాయి. ఆదివారం మింగిన అరుపులన్నీ వాళ్లు అప్పుడు బయటికి వదిలారు.

ఫోన్ పెట్టి చూద్దును కదా, ఆఫీసు మొత్తం నన్నే చూస్తోంది. సేఠ్ గాజు గదిలోంచి బయటికి వచ్చి ఏమైందని అడిగాడు. నా బిడ్డ నిద్రపోయిందని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ధీరే బోలో బెన్, జాగ్ జాయేగీ" అన్నాడు, మెల్లగా మాట్లాడమ్మా, లేస్తుంది అని.

అందరూ నవ్వారు. నేను కళ్లు తుడుచుకుని, కుర్చీ ముందుకు జరుపుకుని, కొంగు గీయడం మొదలుపెట్టాను.