గది నడుమ పొయ్యి

నా చిన్నప్పుడు మా వాడకట్టులో మగవాడు పొయ్యి ముందు కూర్చున్నాడంటే రెండే కారణాలు. పెళ్లి వంట అయినా అయి ఉండాలి, భార్య చనిపోయి అయినా ఉండాలి. మొదటివాణ్ని ఉస్తాద్ అనేవాళ్లు. రెండోవాణ్ని అయ్యో పాపం అనేవాళ్లు. మూడో కారణం ఒకటి ఉండొచ్చని, ఇష్టపడి కూడా కూర్చోవచ్చని మా చిచ్చా పెళ్లయ్యే దాకా నాకు తెలియదు.

చిచ్చా అంటే మా నాన్న తమ్ముడు. నర్సింహులపేట చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకు బగారన్నం, దాల్చా వండే బావర్చి. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. ఆయన చేసుకున్న మా చాచీది కురవి అవతల ఒక పల్లె. వాళ్లింట్లో తాతల నాటి నుంచీ తెలుగే. మా ఇంట్లో మాట్లాడే ఉర్దూకు ఆమె నోరు తిరిగేది కాదు. ఆమె కోసమని మెల్లమెల్లగా మేమందరం తెలుగుకే దిగిపోయాం. మా దాదీకి, అంటే నాన్ననూ చిచ్చానూ కన్న తల్లికి, మొదటి కోపం అక్కడే మొదలైంది. "కోడలు మన మాట నేర్సుకునుడు పోయి, మనమే కోడలి మాట నేర్సుకున్నం" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. అదీ తెలుగులోనే చెప్పేది.

పెళ్లయిన కొన్నాళ్లకు మా ఇంటి వెనకున్న ఖాళీ జాగాలో వాళ్లిద్దరూ ఒక గది ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. మేస్త్రీ గోడలు లేపి, గూనపెంక కప్పి వెళ్లిపోయాడు. మిగతా పనంతా వాళ్లదే. ఆయన మట్టి తొక్కితే ఆమె గోడకు మెత్తేది. సున్నం వేసిన రోజు ఆమె నిచ్చెన మీద ఉంది, ఆయన కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. పైనుంచి కారిన సున్నంతో ఆయన నల్లటి గడ్డం తెల్లబడింది. "చూస్తున్నరా, పెండ్లయి ఆరు నెల్లు గాలే, నన్ను ముసలోన్ని చేసింది" అని వాడకట్టంతా వినబడేలా అరిచాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పొద్దున మసీదుకు వెళ్లి అరబీ అక్షరాలు దిద్దుకుని రావడం, ఆ తర్వాత వాళ్లకు నీళ్లు మోయడం నా పని.

ఇల్లు పూర్తయ్యే దాకా వంట ఆరుబయట మూడు రాళ్ల మీద సాగేది. అందులోనూ ఒక తంటా ఉండేది. చిచ్చా చెయ్యి వందల మందికి వండి వండి అలవాటు పడింది. ఇద్దరికి వండడం ఆయనకు రాదు. పిడికెడు ఉప్పు వేసేవాడు, గరిటెడు మసాలా వేసేవాడు. అన్నం దింపేసరికి పది మంది తినేంత ఉండేది. చాచీ ఆయన మణికట్టు పట్టుకుని, చిటికెడంటే ఎంతో, గుప్పెడంటే ఎంతో పిల్లవాడికి అక్షరాలు దిద్దించినట్టు నేర్పేది. "గింత ఉప్పుతోని ఎట్ల తింటర్రా మనుషులు" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయేవాడు. ఆమె నవ్వితే కళ్లు మూసుకుపోయేవి.

దారిన పోయేవాళ్లకు ఇదంతా కనబడేది. ఎదురింటి మామ ఒకసారి ఆగి, ఉల్లిగడ్డలు కోస్తున్న చిచ్చాను చూసి, "ఏం ఉస్తాద్, ఎవరి పెండ్లి?" అన్నాడు. చిచ్చా తలెత్తలేదు. "నాదే మామా. ఇంక అయిపోలే" అన్నాడు. ఆ జవాబు వాడకట్టులో చాలా రోజులు తిరిగింది. కొందరు నవ్వుకుంటూ చెప్పుకున్నారు, కొందరు ఉమ్మేస్తూ చెప్పుకున్నారు.

అసలు గొడవ పొయ్యి దగ్గర వచ్చింది. మా ఊళ్లో పొయ్యి అంటే గోడకు ఆనించి వేసేదే. వండే మనిషి గది వైపు వీపు పెట్టి, మసిబారిన గోడను చూస్తూ కూర్చోవాలి. వీళ్లు మాత్రం పొయ్యిని గది నడుమ వేశారు. పుట్టమన్ను తెచ్చి, వడ్ల పొట్టు కలిపి, ఇద్దరూ కలిసి తొక్కి, రెండు దిక్కులా రెండు నోళ్లు పెట్టారు. ఇటు ఒక పీట, అటు ఒక పీట. అన్నం ఒకరి ముందు, కూర ఒకరి ముందు. ఒకరి ముఖం ఒకరికి కనబడుతూ వండుకోవాలని వాళ్ల ఆలోచన.

దాదీ వచ్చి చూసింది. "గిదేం పొయ్యిరా? కొడుకు అటు, కోడలు ఇటు. సర్కస్ పెట్టిన్రా? మగోడు పొయ్యికాడ కూసుంటే ఇంట్ల బర్కత్ పోతది, సిరి నిలువది" అన్నది.

చిచ్చా మట్టి చేతులతోనే లేచి నిలబడ్డాడు. మా ప్రవక్త, ఆయనపై శాంతి కలుగుగాక, ఇంట్లో ఉన్నంతసేపూ ఇంటివాళ్ల పనిలో ఉండేవారని, చిరిగిన చెప్పు తానే కుట్టుకునేవారని, నమాజు వేళకు లేచి వెళ్లేవారని మసీదులో విన్నదే చెప్పాడు.

"ఆయన ప్రవక్త. నువ్వు బావర్చివి" అన్నది దాదీ.

"అయితే నాకింక అల్కనే గద అమ్మా. వండుడే నా పనాయె."

దాదీకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. పొయ్యి గోడకు పోయే దాకా ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనని అల్లా మీద ఒట్టు వేసి వెళ్లిపోయింది. చిచ్చా ముఖంలో నవ్వు ఆరిపోయింది. మరో వారంలో ఘర్‌భర్నీ పెట్టుకున్నారు. కొత్త ఇంట్లో నలుగురిని పిలిచి, దువా చేయించి, అన్నం పెట్టి ఇల్లు నింపుకునే రోజది. ఆ రోజు కన్నతల్లి మెతుకు ముట్టకపోతే అది ఎట్లాంటి ఇల్లు? తల్లి పాదాల కింద స్వర్గం ఉందని నమ్మే మనిషి ఆయన. అట్లాగని తల్లి మాట విని పొయ్యి పగలగొడితే, భార్య ముఖం మళ్లీ గోడ వైపే తిప్పినట్టు. ఆ వారమంతా ఆయన గొంతు వాడకట్టులో వినబడలేదు.

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. ఒట్టు వేసిన మర్నాడు దాదీ నన్ను పిలిచి చేతికి చెంబు ఇచ్చింది. పొయ్యి ఇంకా పచ్చిగా ఉంది, నీళ్లు గుమ్మరించి రమ్మంది. పెద్దల మాట వినాలని మసీదులో నేర్చుకున్నాను కదా, విన్నాను. పోసిన నీళ్లకు పొయ్యి ఒక వైపు నోరు కరిగి, ముద్దలా కూలిపోయింది. నేను పారిపోబోతుంటే చాచీ గడపలో ఎదురైంది. నా చేతిలో చెంబు, తడి కాళ్లు చూసింది. దాదీ పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది.

"ఎవరు పంపిన్రో చెప్పకు" అన్నది. "చెప్తే నాకు కోపమొస్తది. కోపం తెచ్చుకునే పురసతు లేదు నాకు. కూసో. కూలగొట్టిన దిక్కు నువ్వే లేపాలె."

సాయంత్రం దాకా నాతో మట్టి తొక్కించింది. నోరు ఎంత వెడల్పు ఉండాలో, గాలి ఎక్కడి నుంచి రావాలో చూపించింది. నేను ఏడుస్తూనే మెత్తాను. చిచ్చా వచ్చి వంకరగా లేచిన ఆ వైపును చూసి, ఏమీ అడగకుండా ఇంకాస్త పుట్టమన్ను తెచ్చి నా పక్కన పెట్టాడు. దాదీ మాట వినడం మంచే అయినప్పుడు, ఇంత సిగ్గు ఎందుకు వేస్తుందో ఆ రోజు నాకు అర్థం కాలేదు. పెద్దల మాట వినమన్న దేవుడే, అన్యాయం చేయమంటే వినొద్దన్నాడని తర్వాత చదువుకున్నాను.

దారి చూపింది కూడా చాచీయే. ఆమెకు అరబీలో మొదటి అక్షరం అలీఫ్ తర్వాత ఏమొస్తుందో కూడా తెలియదని దాదీ వెక్కిరించేది. కానీ వాళ్ల నాయన రాత్రి భోజనాలయ్యాక ధర్మం మాటలు తెలుగులో చెప్పేవాడట. ఒట్టు వేసిన తర్వాత అంతకంటే మంచి దారి కనబడితే ఆ మంచినే చేయమని, ఒట్టుకు బదులు పది మంది పేదలకు మన ఇంట్లో తినేలాంటి అన్నమే పెట్టమని ఉందని ఆమెకు తెలుసు. చిచ్చా మసీదుకు వెళ్లి ఇమాంను అడిగి వచ్చాడు. నిజమేనన్నారు. కాకపోతే ఒట్టు వేసిన మనిషి సరే అనాలన్నారు.

ఘర్‌భర్నీ రోజు దాదీ వచ్చింది. రాకపోతే చుట్టాలు ఏమంటారోనని వచ్చింది. కానీ గడప దాటలేదు. వాకిట్లో మంచం వేసుకుని, చేతులు కట్టుకుని, ఎవరికి ఏం తక్కువైందో చూడ్డానికి వచ్చినట్టు కూర్చుంది. లోపల గది నడుమ రెండు మంటలు మండుతున్నాయి. చుట్టాలందరి కళ్ల ముందే చిచ్చా ఒక పీట మీద, చాచీ ఒక పీట మీద. ఎవరో మగవాళ్లు మళ్లీ నవ్వారు. ఈసారి చిచ్చా గరిటె ఎత్తి పట్టుకుని గట్టిగానే అన్నాడు. "నాలుగొందల మందికి వండితే ఉస్తాద్ అంటరు. పెండ్లానికి గుప్పెడు బియ్యం వండితే నవ్వుతరు. నవ్వేటోళ్లు నవ్వుండ్రి, తినేటోళ్లు కూసోండ్రి." నవ్వినవాళ్లే ముందుగా కూర్చున్నారు.

కానీ ఆయన ముందు వాళ్లకు వడ్డించలేదు. వాకిట్లో చాప వేసి పది మందిని కూర్చోబెట్టాడు. గంపలు అల్లే ముసలి దంపతులు, మసీదు మెట్ల మీద కూర్చునే గుడ్డి తాత, నాట్లకు వచ్చిన కూలీ ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. విస్తర్లు పరిచి, పొగలు కక్కే బగారన్నం తెచ్చి, దాదీ మంచం ముందు నిలబడ్డాడు.

"అమ్మా, వీళ్లు నీ ఒట్టు మీద తింటరు. నువ్వు సరే అంటే నీ ఒట్టు తీరిపోతది. అనకున్నా పెడత, కాని గప్పుడది నా అన్నమే. నీది గాదు."

దాదీ అటు చూడలేదు. విస్తర్ల ముందు పది మంది ఆమె వైపే చూస్తున్నారు. కూలీ ఆమె ఒడిలోని పిల్ల అన్నం వైపు చెయ్యి చాపితే తల్లి వెనక్కి లాక్కుంది. చిచ్చా గొంతు తగ్గించాడు. మంచం కోడు పట్టుకుని నిలబడ్డ నాకు కాబట్టి వినబడింది. "నేను పుట్టినప్పటి సంది నువ్వు వేడన్నం తినంగ చూడలే అమ్మా. అందరం తిన్నంక గోడ దిక్కు తిరిగి ఏం తినేదానివో, ఎంత తినేదానివో మాలో ఎవ్వనికి తెల్వది. నా పెండ్లాన్ని గట్ల కూసోపెట్టుమనకు."

దాదీ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పెట్టు. పిల్లకు ముందు పెట్టు" అన్నది.

పది మందీ తిన్నారు. దాదీ లేచి, ఎవరూ పిలవకముందే గడప దాటి లోపలికి నడిచింది. చాచీ చటుక్కున తన పీట ఖాళీ చేసింది. నాకు తెలిసి మొదటిసారి మా దాదీ పొయ్యి దగ్గర గది వైపు ముఖం పెట్టి కూర్చుంది. ఎదురుగా కొడుకు. ఆయన నేరుగా గిన్నెలోంచే తీసి పెట్టాడు. ఆమె బిస్మిల్లా అని మొదటి ముద్ద తీసుకుంది. వేడికి వేళ్లు ఊదుకుంది. పళ్లెం ఖాళీ చేసింది. అయ్యాక పైకప్పు చూసి, "పొగ ఎటు పోవాల్నో సోయే లేదు మీకు. పొయ్యి మీద పెంక తీసి గొట్టం పెట్టుండ్రి" అన్నది.

పొయ్యిని ఆమె ఆ తర్వాత కూడా మెచ్చుకోలేదు. చనిపోయే దాకా దాన్ని సర్కస్ పొయ్యి అనే పిలిచింది. కానీ గోడకు జరపమని మళ్లీ అనలేదు.

ఆ రోజు నుంచి నా వెంట ఉన్నది ఒక మొండితనం. అది భక్తిలో భాగమనే నేను నమ్ముతాను. అలవాటును ధర్మమని, సిగ్గును శాస్త్రమని చెప్పి ఎవరైనా ఒక మనిషి ముఖాన్ని గోడకు తిప్పబోతే, అది ఎక్కడ రాసి ఉందో చూపించమని అడుగుతాను. అడగడానికే ఈ వయసు దాకా చదువుతున్నాను. శుక్రవారం మధ్యాహ్నాలు మా వీధి ఆడవాళ్లకు ధర్మం మాటలు చెబుతాను, తెలుగులోనే చెబుతాను. మొన్న ఒకావిడ లేచి, తన కొడుకు భార్యతో కలిసి రొట్టెలు చేస్తున్నాడని, ఫోన్లో చూసి వంటగదికి ఇద్దరూ కలిసి రంగులు కూడా వేసుకుంటున్నారని, ఇది తగునా అని తీర్పు అడిగింది. అందరూ నా వైపు తిరిగారు. నేను ఆమె వెనకే కూర్చున్న ఆమె కొత్త కోడల్ని, "రొట్టె గుండ్రంగ వస్తుందా వానికి?" అని అడిగాను. "ఇంక వస్తలేదమ్మా, జర వంకరనే ఉంటది" అన్నది ఆ పిల్ల, కొంగులో నవ్వు దాచుకుంటూ. అందరం నవ్వాం. అత్తగారు మాత్రం నవ్వలేదు. ఇక ఈ సభకు రానని లేచి వెళ్లిపోయింది. వెళ్లనీ. వచ్చే శుక్రవారం సభ కాగానే నేనే ఆమె ఇంటికి వెళ్లి, ఆ వంకర రొట్టే అడిగి పెట్టించుకుని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తిని వస్తాను.