తూర్పుకు తిప్పిన బండి

మాఘమాసం, శనివారం, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలు. నా బిడ్డ చెరువు ఒడ్డున బండి ఆపి తాళంచెవి తీసింది. గడియారం చూసే రాస్తున్న, అందాజుగ కాదు. అరవై రెండేండ్లకు అక్షరాలు నేర్చుకున్న మనిషిని, రాస్తే సరిగ్గ రాయాల.

అది మామూలు బండి కాదు. పాత మినీబస్సు సీట్లు పీకేసి నా బిడ్డ, అల్లుడు దాన్ని ఇల్లు చేసిన్రు. రెండు మంచాలు, గ్యాసుపొయ్యి, నీళ్ళ ట్యాంకు, మూలకు పాయిఖానా. ఊర్లు తిరిగేటోళ్ళకు కిరాయికి ఇయ్యాలని వాళ్ళ ఆలోచన, నడిపేది నా బిడ్డ. పదకొండేండ్ల సంది బడి వ్యాను నడుపుతున్నది ఆమె. తెల్లారి తొమ్మిదికి మాన్వి పట్నంల మొదటి గిరాకీ ఎక్కాల, ఒక ముసలి మొగుడు పెండ్లాలు. అది బాగైతే సోమవారం పోయి బడి నౌకరీ ఇడిసిపెడతది. కాకుంటే మళ్ల అదే వ్యాను. అందుకే ముందు ఒక రాత్రి మేమే పండి చూద్దామని కవితాళ ఊరు దాటినంక ఉన్న ఈ చెరువు కాడికి వచ్చినం. బండ్లు నిలిపెటందుకు మొరం పోసిన జాగా, రెండు నల్లాలు, ఒక కావలాయన. ఇంకొక బండి లేదు. ఎంత నిమ్మళమంటే నీళ్ళల చేప ఎగిరితే ఇనపడ్డది.

నేను పాలు తెచ్చిన. కొత్త ఇంట్ల పాలు పొంగియ్యకుండ ఎవరన్న పండుకుంటరా? పొయ్యి ముట్టించిన. పాలు పొంగినయి, కాని తలుపు దిక్కుకు ఒలికినయి. తలుపేమో పడమటికి ఉంది. తూర్పుకు ఒలకాల, ఇది పనికిరాదని చెప్పిన.

అల్లుడు నవ్వి, "అత్తమ్మా, ఈ ఇంటికి చక్రాలున్నయి. ఇల్లే తిప్పుదాం" అన్నడు.

ఆయన నవ్వులాటకే అన్నడు. నేను పట్టుకున్న. మొరం దాటితే నల్లరేగడి, వద్దవ్వా అని బిడ్డ చెప్పింది. నల్లరేగడిల పుట్టి పెరిగినదాన్ని, నాకు చెప్తవా అని కసిరిన. పైన ఎండి పగుళ్ళు ఇచ్చింది, గట్టిగనే ఉందన్న. ఆమె నా మాట తీసెయ్యలేక ఎనుకకు తిప్పింది. పొర పగిలింది. కింద అంత బంక. ఎనుక చక్రాలు సగం దాక దిగబడ్డయి.

కావలాయన వచ్చి చుట్టు తిరిగి చూసిండు. ట్రాక్టర్లన్ని జాత్రకు పోయినయి, రేపు మధ్యానం దాక ఒక్కటి దొరకదని చెప్పిండు. తర్వాత గడ్డం గీక్కుంట, "చక్రాల బండికి వాస్తు చూసిన పెద్దమనిషి ఎవరు?" అని అడిగిండు. నేను పాలగిన్నె కడగబోయిన.

బిడ్డ నన్ను తిట్టలే. బండి మెట్టు మీద కూసుంది.

"మొదటి మాటే తప్పితే నన్ను మళ్ల ఎవరు పిలుస్తరవ్వా? సోమవారం బడికే పోత."

తిట్టినా ఇంత బాధ ఉండకపోవు. "తప్పు నాది" అన్న. పిల్లల ముంగట ఆ మాట అనుడు నాకు అలవాటు లేదు, నాలుక తిరగలే. అయినా అన్న.

మంచాలు ఎనుకకు వాలిపోయినయి. ముగ్గురం ఒకరి మీద ఒకరం జారుకుంట పండినం. అట్ల జారుతుంటే యాదికి వచ్చింది: పత్తి ఏరినంక చేన్ల ఎడ్లబండి దిగబడితే మా నాయన చక్రాల కింద పత్తికట్టె పరుస్తుండె. ట్రాక్టర్లు వచ్చినంక అందరం మరిసినం.

తెల్లారంగనే పత్తికట్టె యాడ దొరుకుతదని కావలాయనను అడిగిన. ఆయన తమ్మునిది పక్క చేను, గట్టు మీద కట్టె కుప్ప ఉంది, తీసుకోమన్నడు. తానే పార తెచ్చిండు. చక్రాల ముంగట మట్టి తోడి, ఒక వరుస అడ్డం, దాని మీద ఒక వరుస నిలువు పరిసినం. బిడ్డ స్టీరింగు కాడ కూసుంది. ఒక్కసారి తొక్కకు, ఎద్దును అదిలించినట్లు మెల్లగ అదిలించు అన్న.

"ఇది ఎద్దు గాదవ్వా, డీజిలు తాగుతది."

కాని మెల్లగనే తొక్కింది. మొదటిసారి కట్టెలు పటపట ఇరిగి, ఎనుక నూకుతున్న అల్లుని నెత్తి నుంచి కాళ్ళ దాక బురద చిమ్మింది. కావలాయన నవ్వు ఆపుకోలేకపోయిండు. మళ్ల పరిసినం. రెండోసారి చక్రం కట్టెను పట్టుకుంది, బండి మూలుక్కుంట మొరం మీదికి ఎక్కింది. ఏడు గంటల ఇరవై నిమిషాలు.

బిడ్డ దిగి చక్రాలను చూసింది. ముసలోళ్ళకు ఫోను చేసి తొమ్మిదికి మాన్విల ఉంటనని చెప్పింది. ఫోను చేతులనే పట్టుకుంది. నౌకరీ ఇడుస్తనని ఇప్పుడే చెప్పుదునా, సోమవారం దాక ఆగుదునా అన్నట్లు నా దిక్కు చూసింది. నీ ఇష్టం, నా మాట ఇని నిన్న ఏమైందో చూసినవు గద అన్న. ఆమె నవ్వింది. బడి పెద్దసారుకు అప్పుడే ఫోను చేసి, "సార్, వ్యానుకు ఇంకొకరిని చూసుకోండ్రి" అని చెప్పింది. కిరాయోళ్ళు ఇంక ఎక్కనే లేదు, బండి ఎట్లున్నదో చెప్పనే లేదు. అయినా చెప్పింది.

ఆ మాట చెప్పినప్పుడు ఆడ ఉన్నది నలుగురం: నా బిడ్డ, బురదతోనే నిలబడ్డ ఆమె మొగుడు, పార పట్టుకున్న కావలాయన, నేను.