కౌబాయ్ సినిమాలో ఆయన గొంతు

మార్చి పదకొండు, బుధవారం సాయంత్రం. సింగపూర్‌, ఆంగ్ మో కియోలో మా ఫ్లాటు. ఉన్నవారు: ఎదురింటి గురువుగారు, ఆయన కూతురు, మనవరాలు, మా ఆవిడ, నేను. ఆయన అల్లుడికి చాంగీ బిజినెస్ పార్కులో నైట్ షిఫ్టు పడింది కాబట్టి రాలేదు.

ఆ రోజు డైరీలో ఇంతవరకే రాసి వదిలేశాను. ఎందుకు కూర్చున్నామో, ఏం జరిగిందో రాయడానికి చెయ్యి ఆడలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

గురువుగారు నాకు చదువు చెప్పినవారు కాదు. సినిమావాళ్ళు ఒకరినొకరు అలా పిలుచుకుంటారు. ఆయన పాత సినిమా మనిషని తెలిశాక నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. ఆయన నన్ను మాస్టారూ అనేవారు. నేనూ ఎవరికీ పాఠం చెప్పలేదు. ఇద్దరం పొద్దున్నే కింద తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌లో కాఫీ తాగేవాళ్ళం. ఆయన కథలన్నీ నాకు ఆ బల్ల దగ్గర తెలిసినవే.

తెనాలిలో పద్య నాటకాలు ఆడుతూ ఆడుతూ కుర్రతనంలోనే మద్రాసు వెళ్ళారు. సరిగ్గా అప్పుడే తెలుగులో కౌబాయ్ సినిమాల గాలి వీచింది. ఆయన మొహం చూసి, దవడ ఎముకలు చూసి, వెంటనే టోపీ పెట్టేశారట. బందిపోటు ముఠాలో ఒకడు, సారా కొట్టు యజమాని, ఉరి తీసేవాడు, లంచం తిన్న షెరీఫ్. మద్రాసు ఎండలో తోలు కోటు, ఎవరి కాలికో కుట్టిన బూట్లు. గుర్రాలు పందేల్లో ముసలివైపోయినవి. తుపాకీ పేలిందంటే చాలు, పందెం మొదలైందనుకుని పరిగెత్తేవి. ఒకసారి చచ్చిపోయి పడుకున్న ఆయన పక్కనుంచి హీరోగారి గుర్రం హీరోతో సహా వెళ్ళిపోయింది. "శవాన్ని కదా మాస్టారూ, నవ్వకూడదు. పొట్ట బిగబట్టి పడుకున్నాను" అనేవారు.

కౌబాయ్ సినిమాలు ఆగిపోయాక జడ్జి, డాక్టరు, పెళ్ళికూతురి మేనమామ వంటి వేషాలు వచ్చాయి. ఒక్కో సినిమాకు ఒక్కో సీను. చివరికి అవీ రాలేదు. కూతురు ఇక్కడ స్థిరపడ్డాక భార్యతో కలిసి వచ్చేశారు. ఆవిడ రెండేళ్ళ కిందట ఇక్కడే పోయారు.

ఇన్ని సినిమాల్లో కనిపించిన మనిషి ఏ సినిమాలోనూ వినిపించరు. ఆయన మొహం బండరాయి అయితే గొంతు సన్నటి వేణువు. ఆ మొహానికి ఆ గొంతు అతకదని మొదటి సినిమాలోనే తేల్చేశారు. అప్పటినుంచి ఒక డబ్బింగ్ కళాకారుడు ఆయనకు గొంతు ఇచ్చాడు. జనానికి అలవాటైపోయింది. దారిలో ఎవరైనా గుర్తుపట్టి పలకరిస్తే ఆయన నోరు విప్పగానే వాళ్ళు తెల్లబోయేవారట.

ఒక్క సినిమా మాత్రం వేరు. అందులో ఆయన గుర్రాల వైద్యుడు. డబ్బింగ్ రోజున ఆ కళాకారుడికి జ్వరం. డైరెక్టరు విసుగెత్తి, "నువ్వే చెప్పేసేయ్, పోనీ" అన్నాడట. మైకు ముందు నిలబడి తన మాట తానే చెప్పుకున్న రోజు అదొక్కటే. ఆ సినిమా విడుదలైనప్పుడు ఆయన వేరే సినిమా షూటింగ్‌కి పైఊళ్ళో, ఔట్‌డోర్‌లో ఉన్నారు. తిరిగొచ్చేసరికి హాళ్ళనుంచి ఎత్తేశారు. మళ్ళీ ఎక్కడా పడలేదు. అయితే భార్య తెనాలిలో మ్యాట్నీకి వెళ్ళి చూసింది. "మీ గొంతు విన్నాను. హాలంతా చప్పుడు లేకుండా విన్నారు" అని చెప్పింది. ఆయనకు అది చాలు. యాభై ఏళ్ళు చాలింది.

కిందటి ఏడాది ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. పరీక్షలు చేస్తే స్వరపేటికలో కేన్సర్. మొత్తం తీసేయాలన్నారు. ఆపరేషన్ గురువారం పొద్దున. అప్పటికే ఆయన మాట్లాడితే రేకు మీద మేకుతో గీసినట్టుండేది. మనవరాలు ఫోన్‌లో రికార్డు చేస్తానంటే ఒప్పుకోలేదు. గొంతు బాగున్న రోజుల్లోనూ ఎవరినీ రికార్డు చేయనివ్వలేదు.

"ఇది నా గొంతు కాదమ్మా, రోగం గొంతు. నాది ఆ సినిమాలో ఉంది. అది వినిపిస్తాను నీకు, ఉండు" అన్నారు.

ఆ సినిమా కోసం నెల రోజులు వెతికాను. చివరికి ఎవరో పాత సినిమాలు పోగుచేసే ఆయన నెట్‌లో పెట్టినది దొరికింది. బొమ్మంతా గీతలు. అయినా మొత్తం ఉంది. అందుకే ఆ బుధవారం సాయంత్రం మా హాలులో కూర్చున్నాం.

మా ఆవిడ కింద నుంచి కరీ పఫ్‌లు తెచ్చింది. ఆయనకు మింగుడు పడదు కాబట్టి కూతురు రాగి జావ ఫ్లాస్కులో పోసుకొచ్చింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చారు.

మొదటి అరగంటలోనే ఆయన బందిపోటుగా చచ్చిపోయారు. కొండ మీదనుంచి దొర్లుకుంటూ వచ్చి కెమెరా ముందు ఆగారు. మరికాసేపటికి గడ్డంతో సారా కొట్టులో పేకాట ఆడుతూ కనిపించారు.

మనవరాలు లేచి నిలబడింది. "తాతా! యూ డైడ్ ఆల్రెడీ! హౌ కమ్ యూ ఆర్ బ్యాక్?"

"గడ్డం పెట్టారుగా. వేరే మనిషిని" అన్నారు ఆయన గీరుకుపోయిన గొంతుతో.

"సో చీట్ లా!"

"చీటింగ్ కాదే. పొదుపు. ప్రొడ్యూసర్‌కి ఒక భోజనం మిగిలింది."

మా ఆవిడ నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అన్నయ్యగారూ, మళ్ళీ చస్తారా ఏంటి?"

"చస్తాను చెల్లెమ్మా, ఓపిక పట్టు. ఇంటర్వెల్ తర్వాత చస్తాను. దాని తర్వాత వస్తాడు వైద్యుడు. వాడు చావడు."

ఇంటర్వెల్ తర్వాత ఆయన మాట తగ్గింది. ముందుకు జరిగి కూర్చున్నారు. చెయ్యి ఎత్తి సౌండ్ పెంచమని సైగ చేశారు. పెంచాను.

తెర మీద రాత్రి. లాంతరు. గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని తెల్లటి జుట్టు అంటించుకున్న ఆయన. ఎదురుగా హీరో జీను బిగిస్తున్నాడు. వైద్యుడు తల ఎత్తాడు.

"ఆ కొండ దాటి వెళ్ళినవాడు ఎవడూ తిరిగి రాలేదు బాబూ. గుర్రాలు మాత్రం వచ్చాయి."

బరువైన, గుండ్రటి గొంతు. ఖాళీ గాబులోంచి వచ్చినట్టు మోగింది.

"అబ్బ, ఎంత బాగుందండీ గొంతు!" అంది మా ఆవిడ. ఆ డబ్బింగ్ కథ ఆమెకు తెలియదు. నేను రిమోట్ పట్టుకుని అలాగే ఉండిపోయాను.

కూతురు తండ్రి వంక చూసింది. ఆ వేణువు గొంతుతో జోలలు విని పెరిగిన పిల్ల ఆమె. "అంకుల్, మళ్ళీ ఒకసారి వెయ్యండి" అంది నాతో. వేశాను. అదే గొంతు.

"చాల్లే మాస్టారూ" అన్నారాయన. "వాడే. జ్వరం తగ్గాక పిలిపించి మళ్ళీ చెప్పించినట్టున్నారు."

మా ఆవిడకు అప్పుడు అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సినిమా నడుస్తూనే ఉంది. గుర్రాల డెక్కల చప్పుడు. నేను ఆపేశాను.

"అమ్మ చూసిందిగా నాన్నా" అంది కూతురు మెల్లగా. "నీ గొంతే విన్నానని చెప్పేది కదా. నా పెళ్ళిలో కూడా చెప్పింది, అందరికీ."

"చెప్పింది."

"అమ్మకి తెలీలేదంటావా?"

"తెలియకపోవడమేంటే. రోజంతా నా వాగుడు విన్న మనిషి."

"మరి ఎందుకలా చెప్పింది?"

ఆయన జావ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండానే మళ్ళీ బల్ల మీద పెట్టారు.

"నేను అడిగాను కదా" అన్నారు. "ఔట్‌డోర్ నుంచి దిగి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే అడిగాను. ఎలా ఉంది నా గొంతు, ఎలా ఉంది అని. ఏం చెబుతుంది పాపం?"

మనవరాలు తాతయ్య పక్కన కింద కూర్చుంది. ఆమెకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం తక్కువ. ఫోన్ తీసి, "తాతా, ప్లీజ్. ఇప్పుడు చెప్పు. జస్ట్ దట్ లైన్. ఐ డోంట్ కేర్ హౌ ఇట్ సౌండ్స్" అంది.

ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు. "వద్దమ్మా. తర్వాత నువ్వు అదే నా గొంతనుకుంటావు."

"కానీ అప్పుడు నా దగ్గర ఏమీ ఉండదు కదా" అంది పిల్ల. ఇది తెలుగులోనే అంది.

కాసేపటికి కూతురు లేచి ఫ్లాస్కు సర్దింది. అర్ధరాత్రి తర్వాత ఏమీ తినకూడదన్నారని గుర్తుచేసింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి ఆయన మా ఆవిడతో అన్నారు: "బాధపడకు చెల్లెమ్మా. నువ్వన్నది నిజమే. మంచి గొంతు వాడిది."

మర్నాడు పొద్దున ఆస్పత్రికి కూతురూ, నేనూ వెంట వెళ్ళాం. అల్లుడు షిఫ్టు దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. ఆయన్ను బండి మీద పడుకోబెట్టి, చేతికి పట్టీ కట్టి, ఆపరేషన్ గది తలుపుల ముందు ఆపారు. ఒక మలయ్ నర్సు కాగితం పట్టుకుని వచ్చి పేరు అడిగింది. చెప్పారు. పుట్టిన తేదీ అడిగింది. చెప్పారు. ఇవాళ మీకు ఏం ఆపరేషన్ అంకుల్, అని అడిగింది. కూతురు జవాబు చెప్పబోతే నర్సు మర్యాదగానే ఆపింది. పేషెంటే చెప్పాలి, అది రూలు.

ఆయనకు ఇంగ్లీషులో ఆ మాట వెంటనే దొరకలేదు. నర్సు వంక చూసి తెలుగులో అన్నారు: "గొంతు తీసేస్తారమ్మా."

కూతురు ఇంగ్లీషులో చెప్పింది. నర్సు కాగితం మీద టిక్కు పెట్టి థాంక్యూ అంకుల్ అంది. తలుపులు తెరుచుకున్నాయి. బండిని లోపలికి తోసుకువెళ్ళారు.