ఐజాక్ చదవని అధ్యాయం

కుందుర్పి మండలం గరుగుపల్లిలో ఐజాక్‌ను ఎరగనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి, జనాన్ని ముందుకు జరగమని అరిచి అరిచి గొంతు పెంచుకున్న మనిషి. రిటైరయ్యాక ఆ గొంతు వృథా కాకూడదని ఊరి చర్చిలో సంఘ పెద్ద అయ్యాడు. పాస్టరు నాలుగు ఊళ్లకు ఒక్కడే కాబట్టి, నెలలో మూడు ఆదివారాలు వాక్యం చెప్పే పని ఐజాక్ మీద పడింది. పడింది అనడం కంటే ఆయనే దాన్ని పట్టుకున్నాడు అనడం న్యాయం.

అరవై మూడో ఏట ఆయనకు గుండెపోటు వచ్చింది. అనంతపురంలో రెండు స్టెంట్లు వేసి ఇంటికి పంపుతూ డాక్టరు, "జాగ్రత్తగా ఉంటే పది పదిహేనేళ్లు ఢోకా లేదు" అన్నాడు. అందులో 'జాగ్రత్తగా ఉంటే' అన్నదీ, 'పది' అన్నదీ ఐజాక్ చెవికి ఎక్కలేదు. పదిహేను మాత్రం ఎక్కింది. చావు పడక మీద గోడవైపు తిరిగి ఏడ్చిన యూదా రాజు హిజ్కియాకు దేవుడు ఆయుష్షు పెంచింది కూడా సరిగ్గా పదిహేనేళ్లే. ఇక ఐజాక్‌కు ఏ అనుమానమూ లేకపోయింది. ఇంటికి రాగానే మంచం జరిపించి, గోడవైపు ముఖం పెట్టి పడుకున్నాడు.

"అట్ల పండుకుంటే గాలి యాడొస్తుందయ్యా? ఫ్యాను ఈపక్క ఉండాది" అంది భార్య ఓబమ్మ.

"హిజ్కియాకు ఫ్యాను ఉండిందా?"

"ఆయప్ప కుందుర్పిలో ఉండ్లేదు కదా" అని ఆమె మంచాన్ని మళ్లీ యథాస్థానానికి లాగేసింది.

లేచి తిరగడం మొదలుపెట్టిన వారానికే చర్చిలో 'హిజ్కియా రాజు నేర్పే జీవిత పాఠాలు' ప్రారంభమయ్యాయి. ఆ రాజు విగ్రహాలను పగలగొట్టిన రోజున ఐజాక్ బల్లను గుద్దాడు. శత్రు సైన్యం వెనుదిరిగిన రోజున పాడినవాళ్లందరికీ గొంతులు పోయాయి. రాజు కొండరాయి తొలిపించి నగరంలోకి నీళ్లు తెచ్చిన ఆదివారమైతే, రేకుల కప్పు కింద ఉడికిపోతున్న జనం ఆ నీళ్ల మాటకే సేదతీరి మూడుసార్లు ఆమెన్ అన్నారు.

ఆ జనంలో ముందు వరుసలో కూర్చునేది హనుమక్క. డెబ్బై ఏళ్లు పైబడిన గొర్రెల కాపరి. శనివారం ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టి, ఆదివారం చర్చికి వచ్చి కథలు వినేది. అక్షరం ముక్క రాదు గానీ, విన్న కథలో ఒక్క మేకను తప్పించినా పట్టేసేది.

నీళ్ల పాఠం చెప్పిన పది రోజులకు ఐజాక్ తన చేలో బోరు వేయించాడు. ఊళ్లో సగం బోర్లు దుమ్ము కక్కుతున్న రోజులవి. ఆరువందల నలభై అడుగుల దగ్గర మూడంగుళాల నీళ్లు ఎగదన్నాయి. ఐజాక్ బురదలో మోకరించాడు. లేచేటప్పుడు మాత్రం మనిషి మారిపోయాడు. నడకలో రాజసం వచ్చింది. కండువా భుజం మీద నుంచి జారితే తీసి వేసుకోకుండా ఎవరైనా తీసిస్తారేమోనని చూసేవాడు. వాన చుక్కకు మొహం వాచిన ఆ నేలలో వేరుశనగ వేయడం నామోషీ అనిపించి, రెండెకరాల్లో వక్క మొక్కలు నాటాడు.

కల్యాణదుర్గంలో సైన్సు టీచరుగా పనిచేసే కూతురు వనజాక్షి సెలవులకు వచ్చి, ఆ మొక్కలను చూసి నెత్తి పట్టుకుంది.

"నాయనా, ఈడ వక్క ఏంది నాయనా? ఇట్ల తోడితే ఇంకో పదేండ్లకో ఇరవై ఏండ్లకో ఈ చుట్టుపక్కల తాగేదానికి కూడా నీళ్లుండవు."

"నాకుండేది పదహైదేండ్లు. అంతవరకూ వస్తే చాల్లేమ్మా."

"ఆ తర్వాత మేం ఏం తాగల్ల?"

"దేవుడున్నాడు" అని ఐజాక్ మోటారు వేయడానికి వెళ్లాడు.

ఆ ఎండాకాలంలోనే ఊళ్లోకి ఒక తెల్ల కారు వచ్చింది. బెంగళూరు నుంచి ముగ్గురు పెద్దమనుషులు, దానిమ్మ తోటల కంపెనీవాళ్లట. ఎండిన చేల మధ్య పచ్చగా కనిపించిన వక్క మొక్కలను చూసి కారు ఆపారు. గుండె బాగాలేదని ఊళ్లో విన్నామంటూ ఐజాక్‌ను కన్నడంలో పలకరించి, ఒక పండ్ల బుట్ట కూడా చేతిలో పెట్టారు. అంతే, ఆయన కరిగిపోయాడు. బోరు చూపించాడు. లోతు చెప్పాడు. ఎన్ని అడుగులకు రాయి తగిలిందో, ఎక్కడ నీటి పొర వచ్చిందో, ఆ పొర ఎటువైపు సాగుతుందని బోరు లారీవాళ్లు అన్నారో అన్నీ బస్సులో నేర్చిన కన్నడంలో పూసగుచ్చినట్టు చెప్పాడు. మోటారు వేసి నీళ్లు చూపించాడు. అడగకపోయినా పక్క చేను హనుమంతప్పదనీ, అతను గుత్తకు ఇచ్చే ఆలోచనలో ఉన్నాడనీ చెప్పాడు. చివరికి ఇంట్లోకి తీసుకుపోయి స్టెంట్లు వేసిన ఆసుపత్రి కాగితాలు కూడా చూపించాడు.

ఆ ఆదివారం చివరి పాఠం. రాజు బాగుపడ్డాడని చెప్పి, ఐజాక్ బైబిలు మూసేశాడు.

"ఐజాకప్పా, బాగైన రాజును చూసేకి దూరం నుంచి ఎవరో వచ్చిరని పోయినేడు పాస్టరు చెప్పినాడే. ఆ కత యాడబోయె?" అంది హనుమక్క.

"బబులోనువాళ్లు. కానుకలు తెచ్చినారు. చూసి పోయినారు."

"ఏం చూసి పోయిరి?"

"రాజు ఇల్లు, వాకిలి అంతా చూపిచ్చినాడు."

"చూసినోళ్లు ఊరికే పోయినారా?"

ఐజాక్ మూసిన బైబిలును చంకన పెట్టుకున్నాడు. చూసి పోయినవాళ్లే ఒకనాడు వచ్చి సమస్తమూ ఎత్తుకుపోతారని ప్రవక్త యెషయా చెప్పడమూ, నా కాలంలో బాగుంటే చాలులే అని రాజు సరిపెట్టుకోవడమూ ఆయనకు తెలియక కాదు. "ఆ అధ్యాయంలో పాఠమేమీ లేదక్కా" అని పాట ఎత్తుకున్నాడు.

నెల తిరక్కముందే హనుమంతప్ప చేను కంపెనీకి గుత్తకు పోయింది. బోరు లారీలు వరసగా దిగాయి. ఐజాక్ బోరుకు కూతవేటు దూరంలో వెయ్యి అడుగుల లోతున నాలుగు బోర్లు పడ్డాయి. పదకొండో రోజు పొద్దున ఐజాక్ మోటారు వేస్తే పైపులోంచి గాలి వచ్చింది. ఉమ్మినట్టు నాలుగు చుక్కలు పడ్డాయి, మళ్లీ గాలి. ఆ వారంలోనే, ఆ చేనుకు దగ్గర్లో ఉండి ఊరికి తాగునీళ్లిచ్చే పంచాయతీ బోరూ ఎండిపోయింది. ఐజాక్ బిందె పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడాల్సి వచ్చింది.

"ఏమప్పా, నువ్వూ వచ్చినావా? మీ వక్కలకు పన్నీరు పోస్తాండావనుకుంటిమే!" అన్నారెవరో.

ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. హనుమక్క మాత్రం నవ్వలేదు. తన ముందు చోటిచ్చి, "గుండె మనిషివి, ఎండలో నిలబడొద్దు" అంది. ఆ మాట గుండెపోటు కంటే గట్టిగా తగిలింది.

కంపెనీవాళ్లు పెద్ద నీటి కుంట తవ్వించి, ప్రారంభానికి ప్రార్థన చేయమని ఐజాక్‌నే పిలిచారు. నీళ్ల ఆచూకీ చెప్పింది ఆయనే కదా అని కృతజ్ఞత. వెళ్లొద్దని ఓబమ్మ తిట్టింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. శాలువా కప్పించుకున్నాడు. మైకు అందుకుని, ఇన్నాళ్లూ దాటేసిన ఆ అధ్యాయాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా, బస్టాండంతా వినిపించే గొంతుతో చదివాడు. బబులోను అన్న మాట దగ్గర కంపెనీవాళ్లవైపు చూశాడు. రాజు అన్న మాట దగ్గర తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. చుట్టూ చేరిన ఊరివాళ్లు బిర్రబిగుసుకుపోయి విన్నారు. తెలుగు రాని ఆ ముగ్గురు పెద్దమనుషులూ కళ్లు మూసుకుని భక్తిగా విని, చివర్లో చప్పట్లు కొట్టారు.

"ఇది చదివితే నాకే సిగ్గయితాంది" అని ఐజాక్ ఊరివాళ్లతో అన్నాడు. "చూపిచ్చింది నేను. నాకుంటే చాలన్నదీ నేనే. రేపు మండలాఫీసుకు పోతాండా. వచ్చేవాళ్లు రండి."

నలభై మంది వెళ్లారు. తాగునీటి బోరు పక్కన అంత దగ్గరగా వేరే బోర్లు వేయకూడదని అర్జీలో రాసిచ్చింది వనజాక్షి. ఆఫీసరు మొదట రేపు రమ్మన్నాడు, తర్వాత ఎల్లుండి రమ్మన్నాడు. హనుమక్క తన గొర్రెల మందను ఆఫీసు ఆవరణలోకి తోలుకొచ్చిన రోజున సర్వేయరు టేపు పట్టుకుని బయల్దేరాడు. నాలుగింటిలో రెండు బోర్లకు సీలు పడింది. మిగతా రెండింటికీ దూరం సరిపోయింది కాబట్టి అవి నడుస్తూనే ఉన్నాయి.

ఆ ఏడు కాస్త వానలు పడ్డాయి. ఐజాక్ బోరులో అంగుళం నీళ్లు తిరిగొచ్చాయి. వక్క మొక్కలు అప్పటికే మాడిపోయాయి. ఆ చేలో ఉలవలు చల్లి, బోరు నుంచి ఊరి ట్యాంకుకు పైపు వేయించాడు. ఇదీ ఆయన గొప్ప మనసేనని ఒకరిద్దరు పొగడబోతే, ఓబమ్మ పెదవి విరిచింది: "వక్కలు బతికింటే చూస్తుంటిమి ఆ మనసు."

హిజ్కియా పాఠాలు అయిపోయాయి కాబట్టి, తర్వాత ఏ రాజు గురించి చెప్పాలని ఐజాక్ ఒక ఆదివారం సంఘాన్ని అడిగాడు.

"రాజులు చాలప్పా" అంది హనుమక్క. "గొర్రెలు కాసేటోళ్ల కతేమన్నా ఉంటే చెప్పు."

"ఉండాది. దావీదని, గొర్రెలే కాసేవాడు. దేవుడు ఆయప్పనే ఏరుకున్నాడు."

"ఏరుకోని ఏం చేసినాడు?"

"రాజును చేసినాడు."

హనుమక్క తల అడ్డంగా ఊపింది.

"అట్లయితే రాజయ్యే ముందరి వరకే చెప్పు."