రెండు తాళాల కథ కాదు, మూడు కీల కథ

తప్పొప్పులు లేని పరీక్ష ఒకటి ఉంటుందని ఎవరైనా చెబితే అమీర్‌పేటలో నమ్మేవాళ్లు ఉండేవారా? ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్, టెస్టింగ్ అని కాగితాలు అంటించి ఉన్న రోజులవి. కరెంటు స్తంభానికి కూడా ఏదో ఒక కోర్సు వేలాడేది. ఆ పక్కనే పెరిగినదాన్ని నేను. పరీక్ష అంటే దానికో కీ ఉంటుందని, అది ఎవరి దగ్గరో దొరుకుతుందని మాకు పుట్టుకతోనే తెలుసు.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా పంజాగుట్ట సందులోని ఓ నెట్ సెంటర్‌లో ఆ పరీక్ష నా కంటబడింది. ఏ దేశం వాళ్లు పెట్టారో తెలియదు. అరవై ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి చాలా ఇష్టం, పర్వాలేదు, ఇష్టం లేదు అని మూడు జవాబులు. అన్నీ నొక్కితే మనం ఏ పనికి పనికొస్తామో అదే చెబుతుంది. ఇందులో తప్పు జవాబులు లేవని పైన పెద్ద అక్షరాలతో రాశారు. మమ్మల్ని ఏమార్చడానికే అలా రాశారనుకున్నాం.

యూసుఫ్‌గూడలో మా వీధి చివరి హాస్టల్ అమ్మాయిలకు ఈ సంగతి చెప్పింది నేనే. గుర్రాలకు తర్ఫీదు ఇవ్వడం మీకు ఇష్టమా అన్న ప్రశ్న దగ్గర వాళ్లందరికీ చెమటలు పట్టాయి. ఇష్టమంటే మార్కు వస్తుందా, పోతుందా? సరే, ఆ బాధ్యత నేను నెత్తికెత్తుకున్నాను. మళ్లీ మళ్లీ పరీక్ష రాసి, ఒక్కో జవాబు మార్చి చూసి, చివరికి ఏ జవాబులు పెడితే ఇంజినీరు వస్తుందో కనిపెట్టాను. తెల్లకాగితం మీద వరసగా రాసి, పైన 'ఇంజినీరు కీ' అని పెట్టాను. తరవాత 'టీచరు కీ' కూడా తయారైంది. రెండూ జిరాక్సులై హాస్టల్ అంతా తిరిగాయి. ఊళ్ల నుంచి వచ్చిన తండ్రులను కూర్చోబెట్టి, వాళ్ల ముందే టకటకా నొక్కి, కావలసిన చదువు తెచ్చుకున్న అమ్మాయిలున్నారు. గుర్రాలంటే ఇష్టం లేదనే నొక్కాలి, రెండు కీల్లోనూ.

ఊరందరికీ దారి చూపించాను గాని, నా సంగతి మాత్రం అధ్వానంగా ఉంది. మా బాపు లేడీస్ టైలర్. సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టి, పట్నం వచ్చి కుట్టుమిషన్ పట్టినవాడు. సూది తనతోనే ఆగిపోవాలని ఆయన పంతం. నేను కంప్యూటర్ కోర్సులో చేరి, ఏసీ గదిలో కూర్చోవాలి. నాకేమో ఆ దుకాణమే కావాలి. గుడ్డ మీద సుద్దగీత పడుతుంటే, కత్తెర ఆ గీత వెంట నడుస్తుంటే, నాకు అన్నం కూడా గుర్తుండేది కాదు. ఆ మాట ఎత్తితే చాలు, బాపు స్కేలు బల్లకేసి కొట్టి లోపలికి పొమ్మనేవాడు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడే నా కుట్టు చదువంతా సాగేది.

సోమవారం కోర్సులో చేర్పించాలని ఖాయం చేసుకున్న వారంలోనే, ఎవరో గిరాకీ ఆయన చెవిన ఈ పరీక్ష మాట వేసింది. కంప్యూటరే చెబుతుందట మాస్టర్, మీ అమ్మాయికి ఏ లైను బాగుంటుందో అని. బాపుకు కంప్యూటర్ అంటే దేవుడి తరవాత దేవుడు. అది ఏం చెబితే దానికి ఒప్పుకుంటానని మా అమ్మ ముందు మాటిచ్చాడు. నాకింకేం కావాలి? మూడు మధ్యాహ్నాలు కూర్చుని మూడో కీ తయారుచేశాను. అది నొక్కితే బట్టలు కత్తిరించి కుట్టే పని తప్ప మరోటి రాదు. చిన్న చీటీ మీద రాసి అరచేతిలో పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెద్దాసుపత్రికి చూపించుకోవడానికి వెళ్తున్నవాడిలా గంభీరంగా బయల్దేరాడు. నెట్ సెంటర్ భాయ్‌కి నా కీల వ్యాపారమంతా తెలుసు. బాపును చూడగానే నవ్వు దాచుకుంటూ ఓ ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశాడు. నేను పరీక్ష తెరిచి, చీటీ సర్దుకుని, మౌసు పట్టుకున్నాను.

"ముందుగాల నాకు పెట్టు," అన్నాడు బాపు. "నాకేం వస్తదో చూద్దం."

గబుక్కున చీటీని గుప్పిట్లో బిగించాను. మళ్లీ అంతలోనే సర్దుకున్నాను. ఆయనకేం వస్తే నాకేం? ఇంగ్లీషు ప్రశ్న చదివి తెలుగులో చెప్పడం, ఆయన జవాబు చెబుతుంటే వినకుండానే ఏదో ఒకటి నొక్కేయడం మొదలుపెట్టాను. గుర్రాల దగ్గర మాత్రం ఆయన చాలాసేపు ఆలోచించి, వాటికి గడ్డి ఎవరు పెడతారని అడిగాడు.

తెలియనివాళ్లకు విడమరచి చెప్పడం ఇష్టమా అన్న ప్రశ్న వచ్చింది. జవాబుకు బదులు ఆయన తన బడి సంగతి ఎత్తాడు. ఏడో తరగతిలో లెక్కల సారు రాని రోజుల్లో తనే బోర్డు మీద లెక్కలు చేసి క్లాసుకు చెప్పేవాడట. సారు లేకపోతేనే బాగా అర్థమవుతోందని పిల్లలు అనేవారట. పదో తరగతి కాగానే మగ్గం మీదికి మనిషి తక్కువై కూర్చోవలసి వచ్చిందట. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఈ మాట నాకు తెలియదు.

"మస్తు ఇష్టముండె బిడ్డా," అన్నాడు. "అట్లనే రాయి."

సిగ్గేసింది నాకు. నిజంగానే సిగ్గేసింది. కంప్యూటర్ ఆగిపోయిందని అబద్ధం చెప్పి, మొదటి ప్రశ్న నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆయన చెప్పింది చెప్పినట్టే నొక్కాను. లెక్కల టీచరు అని వచ్చింది. అది రెండుసార్లు చదివించుకుని, భాయ్‌తో ప్రింటు తీయించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అదే జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. 'ఇంజినీరు కీ'! హాస్టల్ అమ్మాయి ఒకతి కొలత జాకెట్టును అందులో చుట్టి తెచ్చిందట. కాగితం తిప్పి చూస్తే నా రాత. నేను పలక మీద ఓనమాలు దిద్దింది ఆయన ఒళ్లో కూర్చుని, గుర్తుపట్టడా మరి!

"చేతిల ఉన్న చీటీ సుత ఇటియ్యి," అన్నాడు. "ఇప్పుడు నిజం చెప్పు."

భాయ్ ఉన్నట్టుండి వైర్లు సర్దే పనిలో పడిపోయాడు. నేను చీటీ ఇచ్చేశాను. బాపు దాన్ని విప్పి కూడా చూడలేదు. ఇక ప్రశ్న చదవడం, జవాబు పైకి చెప్పి నొక్కడం. పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడగొట్టుకోవడం ఇష్టమా? ఇష్టమే, గుడ్డ పరచగానే వీపు, ముందుభాగం, చేతులు నాకు విడివిడిగా కనబడతాయి అన్నాను. ఒకేచోట గంటలు గంటలు కూర్చుని చేసే పని ఇష్టమా? ఇష్టమే. ఎక్కడ తప్పు జరిగిందో వెతికి పట్టుకోవడం ఇష్టమా? ఆ ఊపులో నోరు జారాను.

"చాలా ఇష్టం. చంకల కాడ పట్టేస్తుందని ఆ టీచరమ్మ వాపస్ ఇచ్చిన జాకెట్టు లేదా, అది నేనే విప్పిన. చేతులు మళ్ల కోసి కుట్టిన."

బాపు నా వంక చూశాడు. ఆ జాకెట్టు చక్కగా కుదిరిందని టీచరమ్మ మెచ్చుకున్న రోజు ఆయన బిత్తరపోయాడు. తనే బాగుచేసి మరిచిపోయానేమోనని, మతి తప్పుతున్నట్టుందని, డాక్టరుకు చూపించుకోవాలని మా అమ్మ దగ్గర బాధపడ్డాడు. నేను గోడ పక్కన నిలబడి విని కూడా నోరు మెదపలేదు. దొంగతనం బయటపడితే కత్తెర దాచేస్తాడని భయం.

ఆయన మిగతా ప్రశ్నలన్నీ తల వంచుకునే విన్నాడు. అరవయ్యోది నొక్కాను. ఆ రోజుల్లో నెట్ సంగతి తెలిసిందే కదా, పేజీ పైనుంచి కిందికి వేలెడు వేలెడు దిగుతోంది. అది పూర్తిగా దిగకముందే బాపు స్టూలు మీంచి లేచాడు. ఇంకా రాలేదు, ఆగు బాపు అన్నాను.

"అది చెప్పేదేంది? నువ్వు చెప్పినవు, నేను విన్న. నడువు."

సోమవారం బాపు కోర్సు ఊసు ఎత్తలేదు. బల్ల ముందు నిలబెట్టి సుద్దముక్క నా చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి నాకు నరకమే అనుకోండి. ఛాతీ ఇంత అయితే నాలుగో వంతు ఎంత, దానికి కుట్టు వదిలితే ఎంత, నోటితో చెప్పాలి. తడబడితే మళ్లీ మొదటినుంచి. లెక్కల సారుకు ఇన్నేళ్లకు క్లాసు దొరికింది, అందులో విద్యార్థిని ఒక్కతే. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

వారం తరవాత పంజాగుట్టలో బటన్లు కొనడానికి పోతుంటే భాయ్ కేకేశాడు. ఆ రోజు మేం వెళ్లాక పేజీ వచ్చిందట, ప్రింటు తీసి పెట్టాడట. "తుమ్హారా రిజల్ట్, బేటీ," అని చేతిలో పెట్టాడు.

సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్.

రోడ్డు మీద నిలబడి పకపకా నవ్వాను. ఆ తరవాత భయమేసింది. బాపుకు చెప్పొద్దని భాయ్‌తో ఒట్టు వేయించుకున్నాను. పారేద్దామంటే ఏ పొట్లంలోనో చుట్టుకుని మళ్లీ మా దుకాణానికే వస్తుందన్న అనుమానం. అందుకే దాన్ని మడతపెట్టి, పొట్టి చేతుల నమూనాగా కత్తిరించి, అచ్చు ఉన్న వైపు గోడకు పెట్టి మేకుకు తగిలించాను. బాపు ఏళ్ల తరబడి ఆ నమూనాతోనే చేతులు కోశాడు. జావా నేర్చుకున్న అమ్మాయిలెందరో ఆ చేతుల జాకెట్లు వేసుకుని ఆఫీసులకు వెళ్లారు.

మొన్నామధ్య ఆ నమూనా అంచులు నలిగిపోయాయి. బాపు మేకు మీంచి తీసి నాకిచ్చి, కళ్లజోడు మీదుగా చూస్తూ అన్నాడు:

"గిది పాతబడ్డది, ఇంకోటి కొయ్యి. ఈసారి జర రాత లేని కాయితం మీద కొయ్యి."