బోర్లించిన బొమ్మలు

ఆమె ఒళ్ళు తుడిచి బట్టలు మార్చడం నా పని. ఆ పనికి వంకలు పెట్టడం ఆమె పని. తువ్వాలు మడత సరిగా లేదనేది, దిండు గలీబు అంచు వంకర పోయిందనేది, నా చేతిలో పట్టు లేదనేది. డబ్లిన్‌లో శాండీఫోర్డ్ దాటాక ముసలివాళ్ళను చూసుకునే నర్సింగ్ హోమ్ అది. మిగతావాళ్ళంతా కాస్త ముద్దు చేస్తే కరిగిపోయేవారు. ఈమె ఒక్కతే ముద్దు చేస్తే మండిపడేది. నెదర్లాండ్స్‌లో ఒక చిత్రకళా అకాడమీలో జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి. మా హోమ్‌లోనే పనిచేసే తెలుగు నర్సు అక్కా నేనూ మాలో మేము ఆమెను టీచరమ్మ అనుకునేవాళ్ళం. ఆమె అంటే నాకు ఒళ్ళుమంట. అయినా వంతులు మార్చుకుని మరీ ఆమె గదికే వెళ్ళేదాన్ని, ఎందుకంటే ఆమె చెప్పే కబుర్లు మేముండే టాలట్ పేటలో ఎవరింట్లోనూ వినబడవు.

ఆ అకాడమీ పుట్టినప్పుడు అకాడమీయే కాదట, సాయంత్రం బడి. పగలంతా గోడలకు రంగులు వేసేవాళ్ళు, వడ్రంగులు, రాతిపనివాళ్ళు దీపాలు పెట్టే వేళకు చేతులు కడుక్కుని వచ్చి గీత గీయడం నేర్చుకునేవారట. ఆడపిల్లలకు కుట్టూ నేతా నేర్పే బడి ఒకటి తరువాత అందులో కలిసింది. టీచరమ్మ ఆ నేత వైపు నుంచి వచ్చింది. ఆమె ఉద్యోగంలో చేరేనాటికి పెద్ద గాజు కిటికీల భవనం, ఒకచోట మగ్గాలు, ఒకచోట అచ్చు యంత్రాలు, ఒకచోట లోహపు పని. మొదటి ఏడాది పిల్లలందరూ అన్ని పనులూ చెయ్యాలి. ఎవరు దేనికి పనికొస్తారో, అసలు పనికొస్తారో లేదో ఆ ఏడాది చివర తేలుస్తారు.

ఆ తేల్చే పద్ధతి చెప్పేటప్పుడు ఆమె కళ్ళలో వెలుగు వచ్చేది. మార్కులుండవు. ఏడాది పొడుగునా వేసిన బొమ్మలన్నీ హాల్లో నేల మీద పరిచి పిల్లలు బయటికి పోవాలి. టీచర్లు మధ్యలో తిరుగుతూ చూస్తారు. వద్దనుకున్నవాళ్ళ బొమ్మలు బోర్లిస్తారు. తలుపు తీశాక తమ బొమ్మలు బోర్లా పడి ఉన్నవాళ్ళు నోరెత్తకుండా వాటిని చుట్టి చంకన పెట్టుకుని ఇంటికి పోవాలి. మన దగ్గర ఇంటర్ తప్పిన పిల్లాడికి ఎన్ని మార్కులు తగ్గాయో అయినా తెలుస్తుంది. అక్కడ అదీ లేదు.

"ఏడ్చేవాళ్ళు కాదా?" అన్నాను ఆమె వీపు తుడుస్తూ.

"కారిడార్‌లో ఏడ్చుకునేవాళ్ళు. తలుపులు మందంగా ఉండేవి, మాకు వినబడేది కాదు."

"మీ అబ్బాయి కూడా అక్కడే చదివారటగా?"

"ఒక్క ఏడాది. మిగతా టీచర్లు నా మొహం చూసి వాడి బొమ్మలు ముట్టుకోకుండా దాటిపోయారు. నేనే వెనక్కి వెళ్ళి బోర్లించాను."

ఆ కొడుకు ఆ తరువాత పొట్ట చేత పట్టుకుని ఐర్లండ్ వచ్చేశాడు. భవనాలకు ప్లాన్లు గీసే ఉద్యోగం చేసి రిటైరై చెర్రీవుడ్‌లో ఒక ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటున్నాడు. తల్లి పడి కాలు విరగ్గొట్టుకుంటే ఇక్కడికి తెచ్చుకున్నదీ ఆయనే. నేనైతే తెచ్చుకునేదాన్ని కాదు.

ఇంతలో కరోనా వచ్చింది, మా తలుపులు మూశారు. చుట్టాలెవరైనా కిటికీ అవతల తోటలో నిలబడి ఫోన్‌లో మాట్లాడాల్సిందే. టీచరమ్మకు ఫోన్‌లో మాట సరిగా వినబడదు. అందుకని ఫోను నేను పట్టుకుని ఇటు మాట అటూ అటు మాట ఇటూ అందించేదాన్ని. ఇంట్లో కూర్చుని ఏం తోచక ఆయన మళ్ళీ బొమ్మలు మొదలుపెట్టాడట. వచ్చినప్పుడల్లా ఒకటి తెచ్చి అద్దానికి ఆనించి పట్టుకునేవాడు. వాన పడుతుంటే కోటు విప్పి బొమ్మకు కప్పి, తాను తడిసేవాడు.

మొదటిసారే నాతో సూటిగా చెప్పాడు. "అమ్మ నన్ను పంపించేశాక నేను బొమ్మల జోలికి పోలేదు. ఆమె పోయేలోపు ఒక్కటైనా బాగుందని అనిపించుకోవాలి. ఇంకేమీ వద్దు."

ఆ రోజు తెచ్చింది కిటికీలో పూలకుండీ బొమ్మ. నాకు బాగానే ఉంది. టీచరమ్మ ఓ చూపు చూసి, "చచ్చిన గీత. చెప్పు వాడికి" అంది. కొంచెం మెత్తగా చేసి చెప్పాను. మరోసారి లువాస్ ట్రాము ఆగే స్టాప్ గీసి తెచ్చాడు. "వీడి చేతులు కట్టేసినా లోకానికి నష్టం లేదు" అంది. అదీ చెప్పాను, ఇంకా మెత్తగా. ఎంత మెత్త చేసినా ఆయనకు తగలాల్సిన చోటే తగిలేది.

పక్కనే మందులు సర్దుతున్న అక్క విని ఊరుకోలేకపోయింది. "ఏమ్మే, బాగుందంటందని చెప్తే నీ సొమ్మేం పోద్ది? ఆయనేమో అద్దం అవతల, నువ్వేమో మాస్కులో. ఆ ముసల్దానికి ఎట్టా తెలుస్తదీ?"

తరువాతిసారి ఆయన వంటింటి బొమ్మ తెచ్చాడు. "తీసెయ్యమను" అంది టీచరమ్మ. నేను ఫోన్‌లో, "చాలా బాగుందంటున్నారండీ" అన్నాను. ఆయన మొహం ఒక్కసారిగా విప్పారింది. ఆ మొహం కోసం ఇంకో పది అబద్ధాలైనా ఆడతాను, ఇప్పటికీ నాది అదే మాట.

కానీ టీచరమ్మ ఆ మొహం చూడనే చూసింది. "నా మాటకు వాడెప్పుడూ అలా నవ్వలేదు. ఏం చెప్పావు?" అంటూ ఫోను లాక్కుంది. నేను మధ్యలో లేకుండా వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది డచ్ భాషలో. ఆ రోజు మాత్రం నాకు అర్థం కావాలనే ఇంగ్లీషులో చెప్పింది. "నేను బాగుందనలేదు. ఈ పిల్ల నీకు అబద్ధం చెప్పింది. ఇకమీదట ఈమె నోటి నుంచి మంచి మాట వస్తే నమ్మకు. నాకు మాటివ్వు."

ఆయన బొమ్మ చుట్టుకుంటూ తలూపి, "గ్రాండ్" అన్నాడు. పరవాలేదు అనడానికి ఈ దేశంలో ఇల్లు కూలినా అనే మాట అది. ఆ మర్నాడు ఆమె ఒళ్ళు తుడుస్తుంటే నీళ్ళు చల్లగా ఉన్నాయంది. ఉంటాయి అన్నాను.

చలికాలంలో కోవిడ్ మా అంతస్తులోకి వచ్చింది. టీచరమ్మకు ఆక్సిజన్ పెట్టారు. చుట్టాలను కిటికీ దగ్గరికి రానివ్వడం కూడా ఆపేశారు. ఆయన గేటు దగ్గర ఒక బొమ్మ ఇచ్చి వెళ్ళాడు. దాన్ని తీసుకెళ్ళి మంచం ఎదురుగా అల్మారా తలుపుకు అంటించాను. తోటలోంచి చూస్తే మా కిటికీ ఎలా ఉంటుందో ఆ బొమ్మ. అందులో ఆమె, పక్కన మాస్కులో ఫోను పట్టుకుని నేను. ఆమె నోరు కత్తితో కోసినట్టుంది. ఆమె పంతం, ఆమె ముసలితనం, మెడ మీద వేలాడే చర్మం, ఏదీ దాచలేదు. తల్లి అన్న కనికరం ఒక్క గీతలోనూ లేదు. నాకు భయమేసింది.

ఆమె చాలాసేపు చూసింది. ఎలాగూ తీసెయ్యమంటుందని నేనే ముందు చెయ్యి వేశాను.

"ముట్టుకోకు" అంది. ఊపిరి కూడగట్టుకోవడానికి ఆగి, మళ్ళీ అంది. "ఇది మంచి బొమ్మ. దీన్ని నేను బోర్లించను. వాడికి చెప్పు."

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంకోసారి చేసినా అంతే. మర్నాటికి ఆమెకు తెలివి తప్పింది. మధ్యాహ్నానికి పోయింది. రోగం అంటుతుందని ఆ గదిలో కాగితమన్నది మిగల్చకుండా పసుప్పచ్చ సంచుల్లో వేసి తగలబెట్టడానికి పంపేశారు. బొమ్మ కూడా అందులోనే పోయింది.

ఆమె సామాను తీసుకోవడానికి ఆయన వచ్చినప్పుడు కార్లు ఆపేచోట దూరంగా నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఎంతసేపు చూసిందీ, ఏమేం అన్నదీ, అంతా. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"బోర్లించే సంగతి అమ్మ మీకు కూడా చెప్పిందన్నమాట" అన్నాడు.

"చెప్పారు."

"మీరు చాలా దయగలవాళ్ళు."

"దయా లేదు, పాడూ లేదు. నిజం చెప్తున్నాను. బైబిలు తెండి, చెయ్యి వేసి చెప్తాను" అన్నాను. కోపానికి నా గొంతు లేచిపోయింది.

"వద్దు, గ్రాండ్" అన్నాడు ఆయన నెమ్మదిగా. "మీరు మంచి చెప్తే నమ్మనని అమ్మకు మాటిచ్చాను కదా."

సంచీ కారులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. జుట్టంతా నెరిసిన మనిషి, తల్లి మాట జవదాటలేదు.